కుట్టా, కోతా, బిగింపా

నమోదు 1

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. మెలకువ కొలిచే కాపరి యంత్రం లెక్కలో ఏడు పాయింట్లకు తక్కువ వచ్చిన ప్రతి కార్మికుడూ తన కళ్ళ గురించి రోజూ నాలుగు ముక్కలు రాసి ఆరోగ్య విభాగానికి పంపాలట. నా పేరు గరికిన నూకరత్నం. తేలే రేవులో పదకొండో క్రేన్ నాది. ఇది చదివేదెవరో నాకు తెలీదు. ఎవరైనా సరే, తియ్యటి మాటలు నా దగ్గర దొరకవు.

పొద్దున్న మెస్‌లో పొయ్యి వెలిగించాను. వెలిగింది. అట్టు పోసి పెనం కేసి చూశాను. ఆరిపోయింది. "మీరు నిద్రావస్థలో ఉన్నారు. దయచేసి విశ్రాంతి తీసుకోండి" అంది పొయ్యి పైన గోడకున్న కాపరి, జోలపాట పాడే గొంతుతో. తలెత్తి దాని గాజుకంట్లోకి గుడ్లురిమి చూశాను. వెలిగింది. పెనం కేసి చూశాను. ఆరింది. అట్టు పోసేవాడు అట్టుని చూడక ఆకాశంలోకి చూస్తాడా?

"ఒలే రత్నం, జరుగు జరుగు. నువ్వు పొయ్యి కాడ నిలబడితే మెస్సంతా పస్తే" అని నరసమ్మ గరిటె లాక్కుంది. నరసమ్మది, నాది ఒకటే గది. ఆమె కిందకి చూసినా పైకి చూసినా పొయ్యి చక్కగా మండుతుంది. రెండేళ్ళ కిందట మడత పడేలా రెప్పలకి కుట్టు వేయించుకుంది. అద్దంలో బాగుంటుందని వేయించుకుంది, బాగుంది కూడా. దాని మీద నాకే కోపమూ లేదు. తన కళ్ళు, తన సరదా.

నా రెప్పలు మందం. మీద మడత లేదు. మా అమ్మవీ అంతే, అమ్మమ్మవీ అంతే, మా వాడలో సగం మందివీ అంతే. నీళ్ళ మీద ఎండ మిలమిలలాడుతుంటే సగం కన్ను మూసి దూరం చూసే జనం మేము. మెలకువ చట్టం వచ్చాక ఈ రేవులో కదిలేదీ, మండేదీ ఏదైనా కాపరి సెలవిస్తేనే పనిచేస్తుంది. కాపరికి మా కళ్ళు అర్థం కావు. కాపరికి అర్థం కానిది తప్పు. అంతే లెక్క.

నమోదు 2

క్రేన్ సంగతి రాస్తాను, తెలియకపోతే తెలుసుకోండి.

క్యాబిన్ నేల అద్దంది. సీటులో కూర్చుంటే నా రెండు కాళ్ళ మధ్యలోంచి కింద ఓడ కనిపిస్తుంది. సరుకు బాక్సు ఎత్తాలన్నా దించాలన్నా నడుం వంచి ఆ అద్దంలోంచే చూడాలి. షిఫ్టు మొత్తం చూపు కిందకే. కాపరిని మాత్రం ముందు అద్దానికి, నా నుదుటి ఎత్తున బిగించారు. దానికి నాలో కనిపించేవి రెప్పలే. బిగించినవాడు జన్మలో క్రేన్ ఎక్కి ఉండడు. రెప్ప మీద మడత ఉన్నవాళ్ళకి కిందకి చూసినా కాస్త సందు కనబడుతుంది, ఎలాగో గట్టెక్కుతారు. మాలాంటివాళ్ళం మునుగుతాం.

ఇవాళ బాక్సు గాల్లో ఉండగానే క్రేన్ ఆగిపోయింది. ఒకసారి కాదు. ఆగినప్పుడల్లా బాక్సు ఊగుతుంది. కింద బాక్సులకు కడ్డీలు బిగించే లాషింగ్ వాళ్ళు పరిగెడతారు, పైకి చూసి నన్ను తిడతారు. వాళ్ళ తప్పు లేదు. నేనూ రెండేళ్ళ పాటు కింద నిలబడి ఆ పనే చేశాను, పైనున్నవాళ్ళని అలాగే తిట్టాను.

రెప్ప టేపు వేసుకున్నాను. చిన్న నెలవంకలాంటి ముక్క, అంటిస్తే మడత పడుతుంది. క్యాబిన్ చెమటకి ఎక్కడ ఆగుతుంది? ఒకటి ఊడి కాఫీలో పడింది. సగం తాగాక చూశాను.

షిఫ్టు దిగేసరికి మా సూపర్వైజరు పరదేశి గారు మెట్ల కింద నిలబడి ఉన్నారు.

"సూడు రత్నం, నీ మీద నానేటీ రాయలేదు. కాపరే రాసింది."

"మరైతే కాపరినే అడగండి బాబూ, నాను పడుకునుంటే ఇవాళ ఓడ మీద బాక్సులన్నీ ఎవరు దించీసినారో."

"నోటికేం తక్కువ లేదు నీకు. నెలాఖరు దాకా ఆగుతాను. ఆస్పత్రికెల్లు. రెప్పలకి మూడు రకాల ఆపరేసన్లున్నాయట. కంపెనీయే సేయిత్తాది. ఏదో ఒకటి ఎంచుకో. లేదంటే సీటు ఇంకోళ్ళకి ఇచ్చీమన్నారు."

కంపెనీ చేయిస్తుంది, నిజమే. దాని పేరు సౌందర్య కానుక. వైద్యం అని మాత్రం అనరు. వైద్యం అంటే నాకు జబ్బుందని చూపించాలి, లేదా వాళ్ళ కాపరిలో లోపముందని ఒప్పుకోవాలి. అందం అంటే అది నా ముచ్చట. రేపు కన్ను పోయినా నా ముచ్చటే.

ఆ సీటు నాకెవరూ దయతలచి ఇవ్వలేదు. లాషింగ్‌లో పని అయ్యాక ఇంటికి పోకుండా, పన్నెండో క్రేన్ నడిపే సూరాడ దానయ్య మావ క్యాబిన్‌లో వెనకాల నిలబడి, ఆయన చేతులు చూసి నేర్చుకున్నాను. క్రేన్ పుస్తకం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. పరీక్షకి కూర్చుంటానంటే నవ్వారు. పాసయ్యాక నవ్వలేదు. మీరు ఎంచుకోమంటున్నది కళ్ళ రకాల్లోంచి కాదు. ఆ సీటు ఉంచుకోవడమా, వదులుకోవడమా అని అడుగుతున్నారు. సరిగా అడగడం కూడా రాదు మీకు.

నమోదు 4

మూడో రోజు ఏమీ రాయలేదు. కోపం వచ్చి రాయలేదు.

ఇవాళ ఆస్పత్రికి వెళ్ళాను. గోడల నిండా కళ్ళ బొమ్మలు. తామర రేకు, నెలవంక, పావురం రెక్క అని పేర్లు. నా ముందు కూర్చున్న పెళ్ళికూతురు పావురం రెక్క ఎంచుకుని నవ్వుకుంటూ వెళ్ళింది. నా వంతు వచ్చేసరికి నవ్వు అయిపోయింది.

డాక్టర్ వైదేహి గారు నిజమైన మనిషి, అది మాత్రం చెప్పాలి. సన్నటి తీగ ముక్కతో నా రెప్ప మీద నొక్కి మడత పెట్టి, ఎదురుగా పెట్టిన కాపరి కేసి చూడమన్నారు.

"ఇది కుట్టు. కోసేదేమీ ఉండదు. సన్నటి దారాలు రెప్పలోపలే ఉండిపోతాయి. కొన్నేళ్ళకి వదులవ్వచ్చు. నచ్చకపోతే త్వరగా వస్తే తీసేస్తాను."

నేరుగా చూస్తే ఏడు వచ్చింది. కిందకి చూడమన్నారు. అయిదు.

"కోత అయితే చర్మం కొంచెం తీసి మడత శాశ్వతంగా నిలబెడతాం. కొన్ని వారాలు వాపు ఉంటుంది. మచ్చ మడతలో దాక్కుంటుంది." తీగని ఇంకాస్త పైకి జరిపి నొక్కారు. నేరుగా ఎనిమిది. కిందకి ఆరు.

"ఆరు సాలదు కదండీ."

"క్రేన్‌కి ఏడు కావాలి. పొయ్యికీ, బస్సుకీ అయిదు చాలు."

"నాను పొయ్యి కోసం రాలేదండి."

ఆవిడ తీగ పక్కన పెట్టారు. "మూడోది బిగింపు. రెప్పని పైకెత్తే కండరాన్ని కురచ చేస్తాం. అసలు అది రెప్ప పైకి లేవని వాళ్ళకి చేసేది. మీ కండరం బ్రహ్మాండంగా ఉంది. మీకది చేయాలంటే అవసరానికి మించి బిగించాలి."

"మించి బిగిత్తే?"

"కిందకి చూసినా రెప్ప పూర్తిగా దిగదు. కాపరికి ఎనిమిది కనిపిస్తుంది."

"మరి పడుకుంటే?"

"కొందరికి సందు మిగిలిపోతుంది. చుక్కల మందు వేసుకోవాలి. మెల్లగా అలవాటవుతుంది."

"ఏటండీ అలవాటయ్యేది? కళ్ళు తెరుసుకుని పడుకోడమా?"

"నూకరత్నం గారూ, మీ కళ్ళకి ఏ లోపమూ లేదు. నన్నడిగితే ఏదీ వద్దంటాను. కానీ మీరు వచ్చింది అది అడగడానికి కాదు కదా."

కాదు. అదే కదా నా ఖర్మ.

నమోదు 5

దానయ్య మావ దగ్గరికి వెళ్ళాను. ఆయన బిగింపు చేయించుకుని మూడు నెలలు. అప్పటి నుంచి కాపరి ఆయనకి ఎప్పుడు చూసినా ఎనిమిదే ఇస్తోంది. క్యాంటీన్ గోడ మీద 'మెలకువ వీరుడు' అని ఫొటో పెట్టారు. ఫొటోలో ఎవరో వెనక నుంచి గిల్లినట్టుంటాడు. ఎనిమిది వచ్చేవాడికి అలసట ఉండదని వరసగా రెండేసి షిఫ్టులు వేస్తున్నారు. కాపరి ఒప్పుకున్నాక కాదనే అధికారం ఎవరికీ లేదట, మనిషికి కూడా.

తలుపు తీసింది ఆయన భార్య పైడమ్మత్త. "రా పిల్లా. పడుకున్నాడో, లెగిసున్నాడో నాకైతే తెల్దు. నువ్వే ఎల్లి సూసుకో" అంది.

"రేత్రి మెలకువొచ్చి సూత్తే నా ఏపే సూత్తా ఉంటాడు రత్నం. ఏటి మావా అంటే పలకడు. సచ్చిపోనాడనుకుని రెండుసార్లు ఏడిసినాను" అని మళ్ళీ అందుకుంది.

"మూడోసారి ఏడవకే, నిజంగా సచ్చినప్పుడు కన్నీల్లు మిగలవు" అన్నాడు మావ లోపల్నుంచి. లేచే ఉన్నాడు. కళ్ళు ఎర్రగా, చింతనిప్పుల్లా ఉన్నాయి. మందు చుక్కలు చెంపల మీదకి కారుతున్నాయి.

"నిద్ర పడతాందా మావా?"

"పడుతున్నట్టే ఉంటాది. మంటకి లెగిసిపోతాను. డెక్కు మీద గాలికి ఉప్పు కొడితే మరీను. కన్ను సిట్లించుకుందామంటే రాదు. ఎండని తిన్నగా సూడ్డమే."

"మరి నన్ను సేయించుకోమంటావా?"

ఆయన చాలాసేపు నన్నే చూశాడు, లేదా చూస్తున్నాడనుకున్నాను. "నాకు క్రేనొకటే వచ్చు. అందుకని సేయించుకున్నాను. నువ్వు కుర్రదానివి, ఇంకేదైనా నేర్చుకోవచ్చు. నాను సెప్పేదదే."

ఇంకేదైనా నేర్చుకోవచ్చట. అందరూ ఇదే మాట. నేర్చుకున్నదాన్ని ఎందుకు వదలాలో ఒక్కడూ చెప్పడు.

నమోదు 6

"కుట్టు వేయించీసుకో" అంది నరసమ్మ. "పొయ్యి ఎలుగుద్ది, బస్సెక్కుతావు, ఫొటోల్లో బావుంటావు."

"క్రేను?"

"క్రేను పోతే పోనీ. క్రేను నీ మొగుడా?"

"మొగుడైతే ఎప్పుడో వదిలీసుండేదాన్ని."

నరసమ్మ పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తను నవ్వడం ఆపేశాక నా పక్కన కూర్చుని, "నిజంగా బిగింపేనా?" అని అడిగింది.

ఆరోగ్య విభాగం వారికి: బిగింపే. తేదీ తీసుకున్నాను. మీకు ఎనిమిది కావాలి, నాకు సీటు కావాలి. సంతోషమేనా?

నమోదు 9

మిట్ట మధ్యాహ్నం జరిగింది. ఎండ మండుతోంది.

నా క్రేన్ మళ్ళీ ఆగిపోయి ఉంది. కాపరి నాలుగు చూపించింది. బాక్సు అప్పుడే దించేశాను కాబట్టి ఊరికే కూర్చుని కాపరిని తిడుతున్నాను. పక్కన పన్నెండో క్రేన్‌లో దానయ్య మావ. అది ఆయన రెండో షిఫ్టు. రెండు క్యాబిన్లకీ మధ్య రేడియో ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

"మావా, నా బండి మళ్ళీ నిద్రపోనాది" అన్నాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. అప్పుడు వినిపించింది. గుర్రు. సన్నగా, హాయిగా, ఇంట్లో మంచం మీద పడుకున్నవాడి గుర్రు.

అద్దంలోంచి అటు చూశాను. తిన్నగా కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన నెత్తి మీద కాపరి పచ్చ దీపం వెలుగుతోంది. ఎనిమిది. చెయ్యి మాత్రం పిడి మీద వాలి ఉంది, బాక్సు దిగుతోంది, ఆగడం లేదు.

అరిచాను. రేడియోలో అరిచాను, అద్దం బాదాను. నా క్రేన్ హారన్ కొట్టబోతే కొట్టుకోలేదు. నిద్రపోతున్నదాన్ని కదా, హారన్ కూడా నాకివ్వరు. బాక్సు రేవు గట్టుకి గుద్దుకుని పక్కకి దొర్లింది. లాషింగ్ చేసే కామేశు కాలు దాని కింద పడింది. ఆ చప్పుడికి మావ లేచాడు. లేచాడని ఎలా తెలిసిందంటే, ఏడవడం మొదలుపెట్టాడు.

సాయంత్రానికే కంపెనీ మాట వచ్చేసింది. ప్రమాద సమయంలో ఆపరేటరు పూర్తి మెలకువలో ఉన్నాడు, కాబట్టి ఇది నిర్లక్ష్యం కాదు, తెలిసి చేసిన నేరం. నిద్ర అయితే లైసెన్సు పోతుంది. తెలిసి చేస్తే జైలు. మావని జైలుకి పంపడానికి సాక్షి ఎవరంటే ఆయన రెప్పలే.

నమోదు 10

ఇవాళ విచారణ. భోజనాల తర్వాత పెట్టారు. హాల్లో ముందు వరసలో దానయ్య మావ, పక్కన పైడమ్మత్త. బల్ల వెనక విచారణాధికారి మేడమ్, తెల్ల జుట్టు, పెద్ద కళ్ళద్దాలు. ఆవిడ పక్కనే, సాక్షి కుర్చీకి ఎదురుగా, కాపరి. నిద్రమత్తులో చెప్పిన సాక్ష్యం చెల్లదని చట్టం. అందుకని ముందు అది చూడాలి, తర్వాతే మనుషులు వినాలి.

నన్ను పిలిచారు. కూర్చున్నాను. నోరు తెరవకముందే, "సాక్షి నిద్రావస్థలో ఉన్నారు" అంది కాపరి.

"నాను మెలకువగానే ఉన్నాను మేడమ్."

"సాక్షి నిద్రావస్థలో ఉన్నారు."

"పడుకున్నోల్లు ఇంత గట్టిగా అరుత్తారేటండీ?" అని అరిచాను. వెనకాల లాషింగ్ వాళ్ళు నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

"ప్రమాద సమయంలో కూడా మీకు నాలుగే నమోదైంది" అన్నారు, ఎదురుగా ఉన్న తెర చూసి. "మీరు విన్నానంటున్నది మీ నిద్రలో విన్నారని వాళ్ళు అంటారు. నేను తీసుకోలేను. దిగండి."

అర్థమైందా మీకు? కళ్ళు తెరిచి పడుకున్నవాడు మెలకువగా ఉన్నాడు. వాడు పడుకోవడం కళ్ళారా చూసినదాన్ని నేను నిద్రలో ఉన్నాను.

మావని కూర్చోబెట్టారు. ఎనిమిది. పచ్చ దీపం.

"దానయ్య గారూ, బాక్సు దించేటప్పుడు కింద మనుషులు ఉన్నారని మీకు తెలుసా?"

మావ మాట్లాడలేదు. తిన్నగా ఆవిడనే చూస్తున్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను."

చూస్తూనే ఉన్నాడు.

కంపెనీ తరఫు లాయరు లేచి, "చూశారా మేడమ్, పశ్చాత్తాపం అనేదే లేదు. మీ కళ్ళలోకి చూస్తూ జవాబు చెప్పడం లేదు" అన్నాడు. మేడమ్ రాసుకోవడం మొదలుపెట్టారు. "మెలకువలో ఉండి, ప్రశ్నకు జవాబు ఇవ్వడానికి నిరాకరించి..." అని పైకే అంటూ రాస్తున్నారు. కలం మధ్యలో ఆగింది.

గుర్రు. మొదట సన్నగా. తర్వాత హాలంతా.

పైడమ్మత్త లేచి ఆయన్ని కుదపబోయింది. "వద్దత్తా" అని నేనే ముందు వెళ్ళాను. ఏం చేస్తున్నానో ఆలోచించుకోలేదు. ఆ కళ్ళు అలా ఎండిపోతుంటే చూడలేకపోయాను. నా చున్నీ తీసి ఆయన కళ్ళ మీద, గుండె దాకా జారేలా, మెత్తగా కప్పాను.

"సాక్షి నిద్రావస్థలో ఉన్నారు" అంది కాపరి. "విచారణ నిలిపివేయండి."

లాయరు గంతేశాడు. "ఇది అక్రమం! ఆ గుడ్డ తీయించండి మేడమ్!"

"పడుకున్న మనిసి మీద గుడ్డ లాగుతావేటి? మీ ఇంట్లో ఇలాగే సేత్తారా?" అంది పైడమ్మత్త.

మేడమ్ చెయ్యెత్తి అందరినీ ఆపారు. ఆ గుడ్డ తీయమనలేదు. లేచి వచ్చి, చున్నీ కింద మావ గుండె పైకీ కిందకీ కదలడం కాసేపు చూశారు. గొంతు తగ్గించి నన్ను అడిగారు.

"ఎప్పటి నుంచి పడుకున్నాడీయన?"

"మూడు నెల్ల నుంచి పడుకోలేదండి" అన్నాను.

నమోదు 11

గొప్ప న్యాయం జరిగిందనుకోకండి. నిద్ర గురించి డాక్టర్ల మాట వినాలని మేడమ్ విచారణ వాయిదా వేశారు. 'తెలిసి చేసిన నేరం' అన్న ముక్క మాత్రం కొట్టేశారు. కామేశు కాలు నిలబడుతుందో లేదో ఇంకా చెప్పలేదు. మావకి బిగింపు వదులు చేయొచ్చని వైదేహి గారు అన్నారు. అయితే అదీ సౌందర్యం కిందకే వస్తుందట, కంపెనీ కానుకలో అది లేదట. లాషింగ్ వాళ్ళు ఆ మాట విని ఆరోగ్య విభాగం వరండాలో కూర్చున్నారు, లేవడం లేదు. కిటికీలోంచి చూస్తే మీకే కనబడతారు.

పరదేశి గారు పొద్దున్నే వచ్చారు. నెలాఖరు కదా.

"ఆస్పత్రోల్లు ఫోన్ సేసినారు. రేపే నీ తేదీ. బిగింపని ఉంది, అదే కాయమా? మార్సుకుంటావా?"

"మార్సుకుంటాను బాబూ. నాకొద్దు, కాపరికి సేయించండి. కుట్టైనా, కోతైనా, దానికేది బావుంటే అది."

ఆయనకి నవ్వు వచ్చింది, ఆపుకున్నారు. "సీటు పోద్దే రత్నం."

"తెలుసు."

"మల్లీ కిందే. లాషింగే."

"తెలుసన్నాను కదా."

క్యాబిన్‌లో నా సామాను ఏముంది, ఒక గ్లాసు, ఒక తువ్వాలు. తెచ్చుకున్నాను. మధ్యాహ్నానికి కడ్డీ పట్టుకుని డెక్కు మీద ఉన్నాను. పదకొండో క్రేన్‌లో కొత్త మనిషి. బాక్సుని వంకరగా దించుతున్నాడు. గాలి ఎటు కొడుతోందో చూసుకోవడం లేదు. కింద నుంచి అరిచాను, వాడికి వినిపించదు. వాడికి ఏడున్నర వస్తోందట. ఎన్నొస్తే ఏం, పని రావద్దా?

అన్నం తిన్నాక బాక్సుల నీడలో ఒళ్ళు వాల్చాను. కళ్ళు మూసుకున్నాను. పూర్తిగా మూసుకున్నాయి, ఇంత వెలుతురు కూడా రాలేదు. కోపానికి నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.